తొమ్మిది వందల గ్రాములు

మంజులతకు కంపెనీ వాళ్ళు పంపిన ల్యాప్‌టాప్ బరువు తొమ్మిది వందల గ్రాములు. ఆ సంగతి దాని డబ్బా మీదే అచ్చేసి ఉంది. అయినా ధర్మవరంలోని ఆ ఇంట్లో డబ్బా చదవాల్సిన అవసరం ఎవరికీ పడలేదు. వచ్చిన రోజే వాళ్ళ నాయన వెంకటప్ప దాన్ని అరచేతిలో పెట్టుకుని, రెండుసార్లు పైకీ కిందికీ ఆడించి, "తొమ్మిదొందలు. పది గ్రాములు అటో ఇటో," అని తేల్చేశాడు. సావుకారు తూకం వేసి ఇచ్చిన పట్టుతో చీర నేసి, మళ్ళీ తూకం వేసే అప్పజెప్పడం ముప్పై ఏళ్ళుగా అలవాటైన చెయ్యి అది. పొరపడదు. పొరపడదని ఆయన నమ్మకం, ఇంట్లో అందరి నమ్మకం కూడా.

"ఇంతేనా?" అంది వాళ్ళమ్మ ఆదిలక్ష్మి, నిరాశగా. "నెల జీతమిచ్చే కంపెనీ ఇంత పల్చటిది పంపించిందేమే? అప్పడం మాదిరి ఉండాది."

ఆ రోజు నుంచే మంజులతకు తిప్పలు మొదలయ్యాయి. బరువు లేని వస్తువుకు ఆ ఇంట్లో మర్యాద లేదు. రోలును ఎవరూ కదిలించరు. కుట్టు మిషను పెట్టిన చోటే పదిహేనేళ్ళుగా ఉంది. ఈ ల్యాప్‌టాప్ మాత్రం పొద్దున ఒకచోట, మధ్యాహ్నం ఒకచోట. ఇల్లు ఊడ్చేటప్పుడు వాళ్ళమ్మ దాన్ని మూత మూల పట్టుకుని, చచ్చిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు ఎత్తి బియ్యం డ్రమ్ము మీద పెట్టేది. వాళ్ళ అవ్వ రామాంజినమ్మ ఒకరోజు దాని మీద కనకాంబరాలు పోసుకుని తీరిగ్గా మాల కట్టింది. "చల్లగా ఉండాది మ్మే, పూలు వాడవు," అని కారణం కూడా చెప్పింది. దానికి తొడగమని కంపెనీ ఇచ్చిన నల్ల సంచిలో రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, కరెంటు బిల్లులు, తాత చావు సర్టిఫికెట్టు చేరిపోయాయి. జిప్పు గట్టిగా ఉందంట.

వీధిలో వాళ్ళు ఇంకో రకం. ఎదురింటి కదిరమ్మ తన పింఛను ఎందుకు ఆగిందో చూడమని వారానికి రెండుసార్లు కబురు పెట్టేది. "నేను పనిలో ఉన్నాను పెద్దమ్మా, సాయంత్రం మీరే రండి," అంటే, "నాకు మోకాళ్ళ నొప్పులు కదే. చిన్నదే కదా, చంకలో పెట్టుకుని నువ్వే రారాదా?" అనేది. కాలేజీలో టేబులు నిండా ఉండే పాత కంప్యూటరును ఎవరైనా చంకలో పెట్టుకుని రమ్మన్నారా? అది నాలుగు సంవత్సరాలూ ఒకే టేబులు మీద, ఒకే దుమ్ములో రాజులా కూర్చుంది.

ఇవన్నీ మంజులత ఓర్చుకుంది. ఎందుకంటే ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది తనొక్కతే. ఆ డిగ్రీతో దొరికింది ఈ ఉద్యోగమొక్కటే. బెంగళూరు కంపెనీ. ఆసుపత్రుల నుంచి వచ్చే ఇన్సూరెన్సు కాగితాల్లో తప్పులు పట్టుకోవడం పని. ఇంటి నుంచే చేయొచ్చు. కాకపోతే మూడు నెలలు పరీక్ష మీద తీసుకున్నారు. ఆ మూడు నెలలూ ఈ శుక్రవారంతో అయిపోతాయి. మధ్యాహ్నం రెండింటికి పెద్ద సారు లక్ష్మీకాంత్ వీడియోలో కూర్చుంటాడు. ఆమె చేసిన పని తెరిచి చూపించాలి. నచ్చితే పర్మనెంటు. నచ్చకపోతే ల్యాప్‌టాప్‌ను మళ్ళీ అదే డబ్బాలో పెట్టి, టేపు వేసి, బెంగళూరుకు పంపేయాలి. రోగుల కాగితాలు కాబట్టి ఆ పని ఆ ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెందులోనూ తెరుచుకోదు. ఫోన్లో అయితే అసలే తెరుచుకోదు.

గురువారం సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. "రేపు రెండింటికి నాకు పరీక్ష లాంటిది. మగ్గం ఆపాల. మిక్సీ వేయొద్దు. నా ల్యాప్‌టాప్ జోలికి ఎవరూ రావొద్దు."

"ఎవరొస్తారు మ్మే నీ అప్పడం జోలికి?" అంది అవ్వ.

*

శుక్రవారం తొమ్మిదింటికి మంజులత తలస్నానం చేసి వచ్చి చూస్తే బల్ల మీద ల్యాప్‌టాప్ లేదు. బియ్యం డ్రమ్ము మీద లేదు. మంచం కింద లేదు.

"అవ్వా, నా ల్యాప్‌టాప్ యాడ పెట్టినావు?"

రామాంజినమ్మ ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు నవ్వింది. "దేముని గూట్లో పెట్టినా. ఈ పొద్దు నీకు పరీచ్చ అంటివి కదా. తెల్లారే సామి పాదాల కాడ పెట్టి దండం పెట్టుకున్నా. ఒట్టిదాన్ని పెడితే ఏం బాగుంటాదని మీ నాయన పంచె గుడ్డ చుట్టి, ముడేసి, కుంకం బొట్టు కూడా పెట్టినా."

మంజులతకు కోపం రాబోయి ఆగింది. ముసలామె ప్రేమగా చేసిన పని. సరే పొమ్మని గూటి దగ్గరికి వెళ్ళింది. తెల్ల పంచె గుడ్డ మూట, ముడి మీద కుంకుమ బొట్టు. చేతిలోకి తీసుకుంది. అదే బరువు. ముడి విప్పింది.

లోపల చిలకపచ్చ పట్టుచీర. మెరూన్ అంచు. రెండు నెలలుగా వాళ్ళ నాయన హిందూపురం పెళ్ళివాళ్ళ కోసం నేసిన చీర.

అర నిమిషం ఆమెకు ఏమీ అర్థం కాలేదు. తరువాత అంతా ఒక్కసారే అర్థమైంది. పెళ్ళిచీర ఇల్లు దాటే ముందు దాన్ని ఉతికిన పంచె గుడ్డలో చుట్టి, ముడి మీద కుంకుమ పెట్టి, దేవుని గూట్లో ఉంచడం ఆ ఇంటి అలవాటు. వాళ్ళమ్మ పొద్దున్నే ఆ పని చేసింది. అవ్వ కూడా అదే గుడ్డలో, అదే బొట్టుతో, అదే గూట్లో ల్యాప్‌టాప్ పెట్టింది. నాయన ఏడున్నరకు వచ్చి, చేతికి అందిన మూట తీసుకుని, అరచేతిలో ఆడించి, "తొమ్మిదొందలు. సరిపోయింది," అనుకుని హిందూపురం రైలెక్కేశాడు.

"అమ్మా!"

ఆ కేకకు వంటింట్లోంచి ఆదిలక్ష్మి పరుగెత్తుకొచ్చింది. కూతురి చేతిలో విప్పిన చీరను చూసి నోటి మీద కొట్టుకుంది. "అయ్యో అయ్యో! ఆ ముడి నువ్వెందుకు విప్పితివే? నేసినోళ్ళు కట్టిన ముడి, కట్టుకునేటోళ్ళే విప్పాల అని తెలీదా? పెళ్ళిచీర కదే అది!"

"అమ్మా, నా ల్యాప్‌టాప్ హిందూపురం పోయింది! నాయన చీర అనుకుని అది తీసుకుపోయినాడు!"

"పోతే పోయింది, తిరిగొస్తాది. ముడి విప్పింది మళ్ళీ రాదు కదా!"

మంజులత ఫోను తీసి నాయనకు కాల్ చేసింది. మగ్గం గుంతలోంచి పాట మోగింది. ముగ్గురూ అటు చూశారు. పెడల్స్ పక్కన గట్టు మీద, చార్జింగు పెట్టిన బటన్ ఫోను వెలుగుతూ కొట్టుకుంటోంది.

"నిండనీ అని పెట్టినాడు," అంది అవ్వ. "ఊరికి పోయేటప్పుడు నిండుగా ఉండాలంట."

హిందూపురం వాళ్ళ నంబరు ఆ ఫోన్లోనే ఉండాలి. మంజులత గుంతలోకి దిగి, ఫోను తీసి పేర్లు వెతికింది. వెంకటప్పకు మనుషుల పేర్లు గుర్తుండవు, చీరలే గుర్తుంటాయి. ఫోన్లో పేర్లన్నీ అలాగే ఎక్కించమన్నాడు. ఎక్కించింది తనే. నెమలికంఠం కదిరి. వంకాయరంగు పెనుకొండ. పెద్దంచు తలుపుల. చిట్టచివరికి దొరికింది: చిలకపచ్చ హిందూపురం.

చాలాసేపు మోగాక ఒక ముసలామె ఎత్తింది. వెనక మేళం, గిన్నెల చప్పుడు.

"యారు?"

"నేను ధర్మవరం నుంచి, చీర నేసే వెంకటప్ప కూతుర్ని. మా నాయన వచ్చినాడా అండీ?"

"చీర? ఇంకా రాలేదు. వస్తే ఊట మాడి పోతాడు లే, భోజనం పెట్టకుండా పంపించము," అని, సగం కన్నడంలో సగం తెలుగులో భరోసా ఇచ్చి పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

ఇంట్లో కూర్చుంటే పని జరగదని మంజులతకు తెలిసిపోయింది. నాయన తిరిగి రైలెక్కి వచ్చేసరికి సాయంత్రమవుతుంది. తనే పోతే పన్నెండింటికల్లా హిందూపురంలో ఉంటుంది. రెండింటికి పరీక్ష. అక్కడే ఎక్కడో ఒక గోడ వెనక కూర్చుని ఫోను నెట్టుతో కానిచ్చేయొచ్చు. చార్జరు సంచిలో వేసుకుంది. వాళ్ళమ్మ ఈ లోపల కొత్తగా ముడి వేసి, కొత్తగా కుంకుమ పెట్టి, "ఇది విప్పినట్టు యాడా చెప్పొద్దు," అని చేతికిచ్చింది.

"నాకేమైనా చెప్పేది ఉండాదా అమ్మా? మంచి జరగనీ అని?"

"జరుగుతాది లే. మూట సీటు మీద పెట్టొద్దు. ఒళ్ళో పెట్టుకో."

*

ధర్మవరం బస్టాండులో హిందూపురం బస్సు పదికి పది నిమిషాలుండగా కదిలింది. పక్క సీట్లో కూర్చున్నామె ఊరు దాటకముందే అడిగింది.

"పెళ్ళిచీరా పాపా? కుంకం పెట్టినారు?"

"అవునండీ."

"ఏం రంగు?"

"చిలకపచ్చ."

"ఏదీ, కొసన కొంచెం చూపిచ్చు."

"విప్పకూడదండీ."

"నేను కొననులే, ఊరికే చూస్తా." ఇంక పావుగంట ఆ చూపు మూట మీదే ఉంది. మంజులత కిటికీ వైపు తిరిగి మూటను రెండు చేతులతో పట్టుకుంది. ఇంత జాగ్రత్తగా ల్యాప్‌టాప్‌ను ఆ ఇంట్లో ఒక్కరోజైనా ఎవరైనా పట్టుకున్నారా అని ఆలోచించి, ఒక్కరు పట్టుకున్నారని గుర్తొచ్చింది. అవ్వ. గుడ్డ చుట్టి, బొట్టు పెట్టి, దండం పెట్టి మరీ. ఆ జాగ్రత్తే ఇంత పని చేసింది. కోపం ఎవరి మీద చూపించుకోవాలో తెలియక మరీ మండింది.

పెనుకొండ బస్టాండులో బస్సు ఆగింది. డ్రైవరు టీకి దిగాడు. అప్పుడు వచ్చింది ఝాన్సీ మేడం మెసేజి. ఝాన్సీ మంజులతకు పై అధికారి, మంచిదే, కానీ మెసేజిలు ఎప్పుడూ పిడుగులాగే పెడుతుంది. లక్ష్మీకాంత్ సార్‌కు మధ్యాహ్నం ఫ్లైటు ఉంది, రెండింటి మీటింగు పన్నెండున్నరకు మార్చాము, వీలవుతుంది కదా?

టైము పదకొండూ ఐదు. మంజులత ఆ మెసేజిని నాలుగుసార్లు చదివింది. వీలు కాదంటే ఏమంటారో తెలుసు. మళ్ళీ వచ్చే నెల చూద్దాం అంటారు. వచ్చే నెల అంటే ఎప్పుడూ రాని నెల. పోయిన బ్యాచిలో ఒకమ్మాయికి అట్లాగే అయింది. 'ఓకే మేడం' అని కొట్టి పంపించింది. చేతిలో ల్యాప్‌టాప్ లేకుండా ల్యాప్‌టాప్ పరీక్షకు ఒప్పుకుంది.

"అన్నా, బస్సు ఎప్పుడు తీస్తారు?" కండక్టరును అడిగింది.

"డ్రైవరు టీ తాగొద్దామ్మా?"

"ఎన్ని టీలు తాగుతాడన్నా?"

కండక్టరు ఆమె ఒళ్ళో మూట చూసి మెత్తబడ్డాడు. "ముహూర్తం చీరా? ముందే చెప్పాల కదమ్మా," అని విజిల్ ఊదాడు. మంజులత కాదనలేదు. అబద్ధమూ చెప్పలేదు.

బస్సు కదిలాక మళ్ళీ హిందూపురానికి ఫోను చేసింది. ఈసారి పెళ్ళికూతురి నాయన హనుమంతరాయుడే ఎత్తాడు. తనెవరో చెప్పింది.

"ఆ, చెప్పమ్మా! మీ నాయన ఈడే ఉండాడు. ఏమో పాపం చానా బాధపడతాండాడు. మేము మూట విప్పితే కంప్యూటరు వచ్చింది! మా ఆడోళ్ళందరూ పళ్ళెంలో పెట్టుకుని చూస్తాండారు. చీర ఏమైంది?"

"చీర నా దగ్గర ఉండాదండీ, గంటలో తెచ్చేస్తా. దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు సార్, దండం పెడతా."

"ముట్టుకోము, ఎందుకు ముట్టుకుంటాము? మా బావమరిది పవన్ కుమార్ దాన్ని తెరుస్తాండాడు, అంతే."

"ఎందుకు సార్ తెరవడం?"

"నీ నంబరు కోసమే కదమ్మా! మీ నాయనకు ఒక్క నంబరూ నోటికి రాదంట. దాని లోపల కూతురి నంబరు ఉంటాది అంటాండాడు. మేము తెరిచి, నీకు ఫోను చేసి చెబుదామని."

"సార్, నేనే మాట్లాడుతాండా కదా!"

"అవును కదా," అన్నాడు హనుమంతరాయుడు. ఫోను పక్కకు పెట్టి అరిచాడు: "ఏమప్పా పవనూ! ఇడ్చిపెట్టు! ఆ పాపే ఫోన్ చేసింది!" ఇటు తిరిగి, కొంచెం తగ్గిన గొంతుతో, "ఏమో పది తూర్లు కొట్టినాడంట. ఇప్పుడు అది ఏమీ అడగడం లేదంట. ఎర్రగా ఏదో రాసి ఊరుకుండాదంట," అన్నాడు.

మంజులత కళ్ళు మూసుకుంది. పది తప్పులకు ల్యాప్‌టాప్ తాళం పడిపోతుంది. దాన్ని ఆఫీసు వాళ్ళే తియ్యాలి.

*

హిందూపురంలో ఆటో దిగి, పందిరి వేసిన ఇంటి ముందుకు పరుగున వచ్చేసరికి పన్నెండూ పదిహేడు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో వెంకటప్ప కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పంచె గుడ్డ మడిచి పెట్టుకుని, తలకాయ వంచుకుని. ఎదురుగా స్టూలు మీద ఇత్తడి పళ్ళెం. పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, రవిక గుడ్డ, మధ్యలో ల్యాప్‌టాప్. ఎవరో దాని మీద ఒక పువ్వు కూడా పెట్టారు.

"నాయనా!"

వెంకటప్ప తలెత్తాడు. "బరువు సరిపోయింది పాపా," అన్నాడు. అంతే అన్నాడు.

పొద్దుటి నుంచీ కూడబెట్టుకున్న మాటలన్నీ మంజులత గొంతు దాకా వచ్చాయి. ఫోను ఎందుకు వదిలిపెట్టినావు, ఒక్క నంబరైనా ఎందుకు నేర్చుకోవు, చీరకూ ఇనుముకూ తేడా తెలీదా చేతికి? ఆయన మొహం చూసి ఒక్కటీ అనలేకపోయింది. ముప్పై ఏళ్ళలో ఆ చెయ్యి పొరపడలేదు. ఇప్పుడు కూడా బరువు విషయంలో పొరపడలేదు. అదే ఆయన బాధ.

చీర మూటను పెళ్ళికూతురి తల్లి చేతిలో పెట్టింది. ఆమె కళ్ళకద్దుకుని ముడి విప్పబోతూ, "ఈ ముడి ఎవరూ విప్పలేదు కదమ్మా?" అంది.

మంజులత అబద్ధం చెప్పలేదు. "మా అమ్మ కట్టిన ముడేనమ్మా," అంది. రెండోసారి కట్టింది కూడా వాళ్ళమ్మే. పళ్ళెంలోంచి ల్యాప్‌టాప్ తీసుకుని, పువ్వు పళ్ళెంలోనే వదిలి, ఎక్కడైనా గది ఉందా అని అడిగింది.

పెళ్ళికూతురు రాధిక పసుపు మొహంతోనే ముందుకొచ్చింది. "నా గదిలోకి రా అక్కా. ఏం కావాల?"

"ఒక ప్లగ్గు. అరగంట చప్పుడు లేకుండా ఉండాల."

"పెళ్ళింట్లోనా?" అని నవ్వింది రాధిక. అయినా తీసుకుపోయి, బియ్యం మూటల మధ్య చాప వేసి, ప్లగ్గు చూపించి, తలుపు బయట తనే కుర్చీ వేసుకుని కూర్చుంది. "మామా, మేళం ఆపించు! నేను చెప్పినానని చెప్పు!" అని ఆమె అరవడం లోపలికి వినిపించింది.

మంజులత ఝాన్సీకి ఫోను చేసింది. పన్నెండూ ఇరవై రెండు.

"మేడం, నా సిస్టం లాక్ అయింది. ప్లీజ్, విప్పించండి."

"ఇప్పుడా? సార్ ఎనిమిది నిమిషాల్లో వస్తున్నారు! పది తప్పు పాస్‌వర్డులు పడ్డాయని చూపిస్తోంది. ఎవరు కొట్టారు? నేను కారణం రాయాలి మంజులతా. మీరే చేశారా?"

మరిచిపోయానని చెప్పొచ్చు. ఒక్క ముక్కలో అయిపోతుంది. కానీ మూడు నెలలుగా ఆసుపత్రి కాగితాల్లో అట్లాంటి ముక్కలే పట్టుకుని ఎర్ర గీత కొట్టింది తను. "నేను కాదు మేడం," అంది. "మా నాయన చీర అనుకుని దీన్ని పెళ్ళింటికి తెచ్చినాడు. వీళ్ళు నా నంబరు కోసమని తెరవబోయినారు. లోపలికి ఎవరూ పోలేదు. నేను ఇప్పుడు ఆ పెళ్ళింట్లోనే ఉన్నాను."

అవతల కీబోర్డు టకటకలు. "చీర అనుకుని... తెచ్చినాడు," అని ఝాన్సీ గొణుగుతూ రాసుకుంటోంది. "రెండు నిమిషాలు ఆగండి."

నాలుగు నిమిషాలు పట్టింది. తెర వెలిగేసరికి పన్నెండూ ఇరవై తొమ్మిది. వీడియో తెరిస్తే తన మొహం ఎర్రటి పొగలో ఉన్నట్టు కనిపించింది. కెమెరా కంట్లో కుంకుమ. అవ్వ ముడి మీద పెట్టిందే, మూట విప్పిన వేళ్ళకు అంటి ఇక్కడిదాకా వచ్చింది. చున్నీ కొసతో తుడిచింది. సగమే పోయింది.

లక్ష్మీకాంత్ సారు సన్నగా, తొందరగా మాట్లాడే మనిషి. "వెనక ఏంటవి, మూటలు?"

"బియ్యం సార్."

"సరే. ఒక్క కేసు చూపించండి. మీరు పట్టుకున్న వాటిలో మీకు బాగా నచ్చింది. నాకు టైము లేదు."

ముందే అనుకున్న వరస ఒకటుంది. అంకెలు, శాతాలు, పట్టికలు. ఒక్కటే అడిగేసరికి అది పోయింది. మంజులత ఒక ఫైలు తెరిచింది. ఇద్దరు రోగులు. ఒకే ఆసుపత్రి, ఒకే వారం, ఒకే మొత్తం, రూపాయి తేడా లేదు. ఒకరి కాగితాలు ఇంకొకరి ఫైలులో పడ్డాయి. అంతకుముందు ముగ్గురు చూసి సరిగ్గానే ఉందని పంపేశారు.

"ముగ్గురు సీనియర్లు వదిలేసింది మీరెలా పట్టుకున్నారు?"

"వాళ్ళు మొత్తం చూసినారు సార్. మొత్తం సరిపోయింది కాబట్టి కాగితాలు విప్పలేదు." మంజులత ఆగింది. తలుపు సందులోంచి వరండాలో నాయన వీపు కనిపిస్తోంది. "బరువు సరిపోయిందని మూట విప్పకుండా పంపకూడదు సార్. సరిపోయినప్పుడే విప్పి చూడాల."

లక్ష్మీకాంత్ ఏదో అనబోయాడు. అప్పుడే బయట ఎవరో డోలు మీద ఒక్క దెబ్బ వేశారు. వెంటనే రాధిక గొంతు: "చెప్పింది వినపడలేదా అప్పా? నా పెళ్ళి ఆగదులే, నువ్వు ఆగు!"

తెర మీద సారు మొహంలో ఏ మార్పూ లేదు. ఝాన్సీ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఝాన్సీ నాకు కారణం చదివి వినిపించింది," అన్నాడు లక్ష్మీకాంత్. "అబద్ధం చెప్పాలనుకుంటే ఎవరూ ఇంత కష్టమైనది కల్పించరు. ఇంకో రెండు కేసులు చూపించండి. ఫ్లైటు సంగతి తరువాత."

రెండు కాదు, ఆరు చూశాడు. ఒకదాంట్లో తప్పు తనదేనని మంజులతే చూపించి ఒప్పుకుంది. ఒంటిగంటకు పది నిమిషాలుండగా ఆయన లేచాడు. "వచ్చే నెల నుంచి పర్మనెంటు. కాగితాలు ఝాన్సీ పంపుతుంది." పోతూ పోతూ ఆగి, "పర్మనెంటు వాళ్ళకు కొత్త సిస్టం ఇస్తాం. ఇంకా తేలికైనది వచ్చింది, ఏడు వందల గ్రాములే. మా వాళ్ళంతా దానికోసం క్యూ కట్టారు. మీకూ ఒకటి రాయించమంటారా?" అన్నాడు.

మంజులత తలుపు సందులోంచి చూసింది. వరండాలో హనుమంతరాయుడు తన నాయనకు విస్తరి వేయిస్తున్నాడు. వెంకటప్ప వద్దంటూ చెయ్యి అడ్డం పెడుతున్నాడు. అదే చెయ్యి. ఏడు వందలంటే సరిగ్గా సన్నంచు చీర బరువు. మొన్ననే మగ్గం మీదికి ఎక్కింది, మడకశిర వాళ్ళది.

"వద్దు సార్," అంది కంగారుగా. "బరువైనది ఏదైనా ఉందా?"

"ఏంటి?"

"బరువైనది సార్. ఒక్క చేత్తో ఎత్తలేనిది."

ఝాన్సీ ఈసారి నవ్వు దాచుకోలేదు. "స్టోరులో పాతది ఒకటి పడి ఉంది సార్. మూడు కిలోలు. ఎవరూ తీసుకోవడం లేదు."

"అదే పంపండి మేడం," అంది మంజులత.